మధ్యలోనోడు

సమాధి పక్కన నిలబడి పాస్టరుగారు అంకుల్ గురించి నాలుగు మాటలు చెప్పారు. భక్తిపరుడన్నారు. రైల్వేలో నిజాయితీగా పనిచేశాడన్నారు. అంతవరకు అందరం తలలు వంచుకునే విన్నాం. ఆ తర్వాత "మితభాషి" అన్నారు. నాకు దగ్గు వచ్చినట్టు నటించక తప్పలేదు. పక్కనున్న ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని చర్చి ఆడవాళ్ళిద్దరు ఆమె భుజాలు పట్టుకున్నారు. కొంగు వెనక ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఒక్కసారి నావైపు చూసి ఇక చూడలేదు. చూసి ఉంటే ఇద్దరం అక్కడే బయటపడిపోయేవాళ్ళం.

లాలాగూడలో వాళ్ళ ఇంటి పైగదిలో నేను ఐదేళ్ళు అద్దెకున్నాను. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న రోజులవి. ఆయన రైల్వే టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. లాలాగూడలోనే పుట్టి పెరిగాడు. ఆంటీ తెనాలి వైపు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చింది. నలభై ఏళ్ళయినా ఆమె మాట మారలేదు, ఈయన మాటా మారలేదు. ఇద్దరి మధ్య నా జనగామ మాట ఆయన వైపే మొగ్గేది కాబట్టి, ఓట్లు పడాల్సి వస్తే ఆయనే గెలిచేవాడు.

గది చూడటానికి వెళ్ళినరోజే ఆయన పద్ధతి తెలిసింది. గేటు గడియ ఎలా వేయాలో, నీళ్ళ మోటరు ఏ వేళకు వేయాలో, ఏ తీగ మీద బట్టలు ఆరేయకూడదో చెప్పి, ఒక కన్ను మూసుకుని, తల ఎడమవైపు వంచి ఆగాడు. ఎన్నో ఏళ్ళు చెవికీ భుజానికీ మధ్య రిసీవరు ఇరికించుకున్నందువల్ల ఆ మెడ అలాగే ఉండిపోయింది.

నేను తలూపాను.

"తిరిగి చెప్పు బేటా."

"ఏంటిది అంకుల్?"

"నేను చెప్పింది. తిరిగి చెప్పు. నువ్వు ఇన్నవని నాకెట్ల తెల్వాలె?"

చెప్పాను. తీగ విషయం మరిచిపోయాను. మళ్ళీ మొదటినుంచి చెప్పించాడు. లోపలినుంచి ఆంటీ, "ఏవండీ, ఆ పిల్లని కాస్త కూర్చోనివ్వండి, పరీక్ష తర్వాత పెడుదురుగాని," అంది.

హోటల్లో చాయ్ చెప్పినా అంతే. "రెండు చాయ్, ఒకటి చక్కెర లేకుండ. తిరిగి చెప్పు." సర్వరు నడుస్తూనే, "రెండు చాయ్, ఒకటి చక్కెర లేకుండ. రోజు గిదే పరేషాన్," అనేవాడు. "రోజు గిదే పరేషాన్ అనేది నేను చెప్పలే," అని ఈయన అభ్యంతరం.

ఆ ఇంటి పైగదికి ఫోను సిగ్నల్ వచ్చేది కాదు. ఏ కంపెనీ సిమ్ వేసినా మెట్లమీద ఏడో మెట్టు దాటితే ఫోను మూగదైపోయేది. ఒక బూస్టర్ పెట్టించమని అడిగితే ఆయన నొచ్చుకున్నాడు.

"నేనుండంగ బూస్టర్ ఎందుకు? నీకు ఎవరన్న చేస్తే నా ఫోన్‌కు చెయ్యమను. నేను వచ్చి చెప్తా."

అలా మా అమ్మకు, మా గైడుకు, చివరికి నేను పనిచేసే ల్యాబులో అటెండరుకు కూడా ఆయన నంబరే దిక్కయింది. ఆయన కబుర్లు మోసే తీరు నాకు నెలరోజుల్లో అర్థమైంది. చెప్పినవాళ్ళ మాట ఒక్క అక్షరం పోకుండా తెచ్చేవాడు. అక్షరమే కాదు, దగ్గు, నిట్టూర్పు, అన్నీ. తాను పంపిన చేపల పులుసు గురించి పక్కింటామె ఏమందని ఒకసారి ఆంటీ అడిగితే, "ఉప్పు జెర దండిగున్నది అన్నది. అనేటప్పుడు మొఖం గిట్ల పెట్టింది," అని ఆ ముఖం కూడా పెట్టి చూపించాడు. క్రిస్మస్ దాకా రెండిళ్ళకూ మాటల్లేవు.

ఒకరోజు మధ్యాహ్నం నా గది తలుపు తట్టి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"మీ అమ్మ మెసేజ్. షురూ చేస్తున్న." గొంతు సవరించుకున్నాడు. "'దానికి చెప్పున్రి అన్నా. ముప్పై దగ్గర పడ్డయి. ఆకులల్ల ఏం దొరుకుతదో నాకు సమజైతలేదు. వాళ్ళ మేనత్త తెచ్చిన పిలగాడు బ్యాంకుల ఉన్నడు, సిగరెట్ సుత తాగడు. ఈసారి కాదంటే ఇగ నేను దానితోని మాట్లాడ.'" ఇక్కడ ఆయన గొంతు సరిగ్గా మా అమ్మ గొంతులా వణికింది. "ఈడ ముక్కు చీదింది. అది నేను చెయ్య. 'ఉసిరికాయ తొక్కుకు బూజు పట్టిందేమో చూసుకొమ్మను.' మెసేజ్ ఖతం. తిరిగి చెప్పు."

"పెండ్లి చేసుకొమ్మంటున్నది."

"సమ్మరీ వద్దు. తొక్కు మాట ఏమాయె?"

తొక్కు తీసి చూశాను. నిజంగానే బూజు పట్టింది.

నా పరిశోధన ఆకు మీద. ఎండ పడినప్పుడు ఆకు లోపల జరిగే పని మీద. అప్పటికి రెండేళ్ళుగా కంప్యూటర్లో లెక్కలు వేస్తున్నాను. మా గైడు ఒకరోజు కొత్త ఆలోచన చెప్పారు. ఫోనుల్లో, వైర్‌లెస్‌లో ఒక సందేశం చాలా రిలేల మీదుగా పోతున్నప్పుడు ఎంత సమాచారం గమ్యానికి చేరుతుందో కొలిచే లెక్కలున్నాయి, వాటిని ఆకుకు వర్తింపజేసి చూడమన్నారు. పుస్తకాలు తెచ్చుకున్నాను. రిపీటర్ అనే మాట దగ్గరే ఆగిపోయి, కిందికి దిగి వచ్చి అంకుల్‌ను అడిగాను.

ఆయన లేచి లోపలికెళ్ళి, ఉతికిన చొక్కా వేసుకుని, జేబుకు రెండు పెన్నులు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆయన ఉద్యోగం గురించి అప్పటిదాకా ఎవరూ అడగలేదట. ఆంటీ కూడా అడగలేదట. ఆ విషయం ఆంటీ ముందే చెప్పాడు.

రెండు ఊళ్ళ మధ్య కొండలు. కొండమీద ఒక గుడిసెలాంటి గది, దానిమీద టవరు. ఒక ఊరినుంచి బయల్దేరిన సిగ్నల్ అక్కడికి వచ్చేసరికి నీరసపడిపోతుంది. దాన్ని పట్టుకుని, బలమిచ్చి, అవతలి ఊరికి పంపాలి. ఆయన ఆ గదిలో పదకొండేళ్ళు పనిచేశాడు.

"ఏం మాటలు పోతుండె అంకుల్?"

"నాకేమెరుక? అన్ని ఫోన్ల మాటలు ఒక్కసారే కలిసి పోతుండె. నాకు ఇనవడేది ఒక్కటే సప్పుడు, ఖర్‌ఖర్. అది పెరగకుండ చూసుడే నా పని. సిగ్నల్‌కు బలమిస్తే దాంతోపాటు ఖర్‌ఖర్‌కు సుత బలమొస్తది, సమజైందా? ఇటోడు మాట్లాడి సంతోషపడె, అటోడు ఇని సంతోషపడె. మధ్యలోనోడు ఉన్నడని ఎవనికెరుక?"

దిగులుగా ఏమీ అనలేదు. రేపు నీళ్ళు రావు అని చెప్పినట్టే చెప్పాడు. తర్వాత కన్ను మూసుకుని అడిగాడు. "నీ ఆకుల ఎంతమంది ఉంటరు మధ్యల?"

చెప్పాను. ఆకులో పచ్చని అణువులుంటాయి. వెలుగు ఒకదానిమీద పడితే అది ఆ శక్తిని తన దగ్గర పెట్టుకోదు, పక్కదానికిస్తుంది. అది ఇంకోదానికి. అలా చేతులు మారుతూ పోయి, చివర ఒక కేంద్రానికి చేరితే అక్కడ ఆకు అసలు పని మొదలవుతుంది. ఒక్కో కేంద్రం చుట్టూ వందలకొద్దీ అణువులు, అన్నీ మధ్యవాళ్ళే.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "వందలమందా! అందరు ఒక్కటే డిపార్ట్‌మెంటా? మధ్యల ఎంత పోతది?"

"చాన తక్కువ అంకుల్. పడ్డదాంట్ల చానామట్టుకు చేరుతది."

"మా లైన్ గట్ల నడిస్తే నాకు మెడల్ ఇద్దురు," అన్నాడు.

మరునాడు పొద్దున డబ్బాలో ఉన్న కరివేపాకు చెట్టు ముందు నిలబడి, "ఏం భాయ్, డ్యూటీ ఎక్కిన్రా?" అని అడగడం నా కిటికీలోంచి విన్నాను. అప్పటినుంచి ఆంటీ కూరలోకి రెబ్బ తుంపాలంటే ఆయన కంటపడకుండా తుంపేది.

ఈ స్నేహమంతా ఒక్క మాటతో చెడింది. ఆకు లోపల నిశ్శబ్దంగా ఉండదు, వేడికి అణువులన్నీ వణుకుతూనే ఉంటాయి అని ఒకసారి అన్నాను. వణుకంటే ఆయన లెక్కలో ఖర్‌ఖరే. "మరి దాన్ని ఎట్ల తీసేస్తరు?" అని అడిగాడు.

"తియ్యరు అంకుల్. అది జెర ఉంటేనే మంచిది. అసలే లేకుంటే శక్తి మధ్యల ఇరుక్కపోతది. బాగ ఎక్కువైనా ముందుకు పోదు. కొద్దిగ వణికితేనే సాఫీగ పోతది. మా లెక్కలు గట్లనే చెప్తున్నయి."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఖర్‌ఖర్ మంచిదా? ఉద్యోగమంత దాంతోని కొట్లాడిన. కొండమీద పదకొండేండ్లు దాంతోనే కాపురం చేసిన. ఇయ్యాల నువ్వొచ్చి అది మంచిదంటవా? నీ ఆకు తప్పు."

మూడురోజులు నాతో మాట్లాడలేదు. నాకొచ్చే కబుర్లు ఆంటీ తెచ్చేది. "మీ అమ్మ చేసిందమ్మా, బాగానే ఉందంట," అని ఒక్క ముక్కలో తేల్చేసేది. నిజం చెప్పాలంటే ఆ మూడురోజులూ నాకు చాలా హాయిగా గడిచాయి.

నాలుగోరోజు వరండాలో ఆంటీ రవ్వ జల్లిస్తోంది. ఆయన పేపరు వెనకనుంచి, "ఖర్‌ఖర్ మంచిదనేటోళ్ళు ఇంట్ల ఉన్నరు, రేడియో సుత సరిగ పెట్టకు," అన్నాడు. నేను ఊరుకోలేదు. మళ్ళీ మొదలైంది. ఆంటీకి చిరాకేసి జల్లెడ ఆపింది.

"ఏందండీ మీ గోల? ఇదిగో, ఊపకుండా పెట్టుకుంటే రవ్వ దిగుద్దా? మరీ ఊపితే నేలపాలవుద్ది. కాస్త కాస్త ఊపాల. దీనికి ఇద్దరూ ఇంత యుద్ధం చెయ్యాలా?"

నేను ఆంటీ చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకున్నాను, రవ్వతో సహా. ఆయన పేపరు మడిచి, దగ్గరికి వచ్చి జల్లెడలోకి వంగి చూశాడు. ఓడిపోయాడనుకున్నాను.

"జల్లెడ వేరు," అన్నాడు చివరికి. "జల్లెడకు ఏ గింజ ముందు దిగిందో అక్కర్లే. దిగితే సాలు. నాకట్ల కాదు. నా లైన్ల పోయేది మాట. మాట చేరితే సాలదు, చెడకుండ చేరాలె. నీ ఆకుకు ఏం చేరుతదో, ఎవలు పంపిన్రో అక్కర్లేదేమో. మనిషికి కావాలె."

నేను రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తి ఆ మాట రాసుకున్నాను. పుస్తకాల్లో నెలరోజులుగా నాకు అందని తేడా అదే. ఆకు పంపేది శక్తిని, ఆయన లైను పంపేది సమాచారాన్ని. శక్తిని చేర్చడానికి పనికొచ్చే వణుకే సమాచారాన్ని చెడగొడుతుంది. కిందనుంచి ఆయన అరుపు వినిపించింది. "ఏం రాస్తున్నవ్? తిరిగి చెప్పు!"

థీసిస్ ఇవ్వడానికి కొద్దిరోజుల ముందు పని చెడింది. నాలుగో అధ్యాయంలో లెక్కలు ఎటు తిప్పినా శక్తి సగం దారిలోనే ఆగిపోతోంది. అలాగే గైడుకు పంపి, పైగదిలో కూర్చున్నాను. చదువు మానేసి జనగామ వెళ్ళిపోదామా అన్న ఆలోచనతో బట్టలు కూడా సర్దడం మొదలుపెట్టాను. నాలుగో అధ్యాయం సంగతితో సహా ఆంటీకి మాత్రమే చెప్పాను. అంటే ఆయనకూ తెలిసిందన్నమాటే.

మరునాడు సాయంత్రం ఆయన తలుపు తట్టాడు. చేతులు వెనక్కి పెట్టుకోలేదు, గొంతు సవరించుకోలేదు. గోడవైపు చూస్తూ, "మీ సార్ చేసిండు. నాలుగో చాప్టర్ల ఆ వణుకు లెక్క ఒకసారి చూసుకొమ్మన్నడు," అన్నాడు.

"ఇంకేమన్నరు?"

"గంతే."

తిరిగి చెప్పమనకుండానే దిగిపోయాడు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

వణుకు లెక్క తీసి మొదటినుంచి చూశాను. ఉష్ణోగ్రత ఇవ్వాల్సిన చోట కెల్విన్‌లో మూడువందలు ఇవ్వాలి. నేను వాతావరణ వార్తల్లో చెప్పినట్టు సెల్సియస్‌లో ఇరవైయేడు ఇచ్చాను. అంటే నెలలుగా నా ఆకు లాలాగూడ ఎండలో కాదు, గాలి కూడా గడ్డకట్టుకుపోయే చలిలో పనిచేస్తోంది. వణకడానికి దానికి వేడే లేదు. ఆ ఒక్క అంకె మార్చగానే ఆగిపోయిన శక్తి కదిలి కేంద్రానికి చేరింది. సర్దిన బట్టలు తీసేశాను.

వైవాకు ఎవరైనా రావచ్చని ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆయన పెళ్ళినాటి సూటు వేసుకుని వచ్చాడు. ఆంటీ ఒళ్ళో కేకు డబ్బా. చివరి వరసలో కూర్చున్నారు. ఆ హాల్లో ఏసీ లారీలా మోగుతోంది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరుగారు సన్నని గొంతుతో ఏదో అడిగారు. రిలే నెట్‌వర్క్ అన్న మాట ఒక్కటే నా చెవిన పడింది. రిలే నెట్‌వర్క్ అంటే ఏమిటో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఎగ్జామినరుగారి కనుబొమలు ముడిపడ్డాయి. నేను ఇంకా గట్టిగా చెప్పసాగాను.

వెనకనుంచి కుర్చీ జరిగిన చప్పుడు.

"సార్! లైన్ బాలేదు. అమ్మాయి మెసేజ్ తప్పు ఇన్నది. మల్లొకసారి ఇయ్యున్రి."

మా గైడు కళ్ళు మూసుకున్నారు. ఎగ్జామినరుగారు వెనక్కి తిరిగి, "మీరెవరండీ?" అన్నారు.

"టెలికాం, సార్. రిటైర్డ్," అన్నాడు, ఆ హోదాతో ఏ హాల్లోనైనా లేచి మాట్లాడవచ్చన్నట్టు.

ఎగ్జామినరుగారు ఏసీ ఆపించారు. ప్రశ్న మళ్ళీ అడిగారు. రిలే నెట్‌వర్క్‌లో రొద సమాచారాన్ని తగ్గిస్తుంది కదా, ఆకులో అదే మేలు చేస్తుందంటున్నావు, మరి ఈ రెంటినీ ఒకే లెక్కతో కొలవడం తప్పు కాదా అని. నేను జల్లెడ పేరు ఎత్తకుండా జల్లెడంతా చెప్పాను. గింజ చేరడం, మాట చెడకుండా చేరడం, ఎక్కడివరకు రెండూ ఒకటో, ఎక్కడ విడిపోతాయో. ఆయన తలూపుతూ రాసుకున్నారు.

ఇంకెవరైనా అడగవచ్చన్నారు. అంకుల్ చెయ్యెత్తాడు.

"మధ్యల పనిచేసేటోళ్ళు ఉంటరు కద సార్ ఆకుల. మీ పుస్తకాలల్ల వాళ్ళ పేర్లు ఏడన్న రాసిన్రా?"

హాలంతా నవ్వు. ఎగ్జామినరుగారు నవ్వలేదు. "పేర్లు లేవండీ. ఒక్కోదానికి నంబరు ఇస్తాం," అన్నారు.

"నంబర్ ఉంటే సాలు సార్. మాకు సుత గంతే," అని కూర్చున్నాడు.

తర్వాత చాయ్ తాగుతూ ఎగ్జామినరుగారు అరగంటసేపు కొండమీది టవరు గురించి ఆయన్ను అడిగి తెలుసుకున్నారు. కొత్తగా డాక్టరైన నేను కేకు ప్లేట్లు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

అప్పుడే మా గైడు నన్ను పక్కకు పిలిచారు. "ఆరోజు ఫోన్లో అన్నమాటకు ఏమీ అనుకోకమ్మా. కోపంలో ఉన్నాను. అంతమాట అనకుండా ఉండాల్సింది. ఇంకొకరైతే వెళ్ళిపోయేవాళ్ళు. నువ్వు తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకున్నావు."

"వణుకు లెక్క చూడమన్నది మీరే కదా సార్?"

"నేనా? నేను ఏ లెక్కా చెప్పలేదే. మీ ఓనరుతో నేనన్నది వేరు." చెప్పబోయి, కేకు తింటున్న అంకుల్ వైపు చూసి, ఆగిపోయారు.

ఇంటికి ఆటోలో బయల్దేరాం. ముగ్గురం, ఖాళీ కేకు డబ్బా. కొంత దూరం పోయాక అడిగాను.

"అంకుల్, ఆ రోజు సార్ ఫోన్ల ఏమన్నరు?"

"చెప్పిన కద."

"మీరు చెప్పింది సార్ అనలేదంట."

ఆయన రోడ్డువైపు చూశాడు. "నీ వణుకు లెక్క మీద నాకు మొదటిసంది డౌటే. అందుకే అన్న."

"అది కాదంకుల్. సార్ ఏమన్నరు?"

ఆంటీ ఆయన ముఖం, నా ముఖం మార్చిమార్చి చూస్తోంది. ఆయన తల ఎడమవైపు వంచి, ఒక కన్ను మూశాడు.

"మొత్తం యాదికున్నది బేటా. అక్షరం పోలే. దగ్గు సుత యాదికున్నది. కావాల్నా?"

పట్టా చేతికొచ్చినంత సంతోషంలో ఉన్నాను. ఆ మాటలు వింటే ఏమవుతుంది, నవ్వుకుంటాను అనిపించింది. కాని ఆయన కళ్ళలో నవ్వు లేదు. ఎప్పుడూ కబురు చెప్పడానికి తొందరపడే మనిషి నా జవాబు కోసం బిగపట్టుకుని కూర్చున్నాడు.

"వద్దంకుల్."

"మంచిది," అని గట్టిగా ఊపిరి వదిలి, ముందుకు వంగి ఆటో డ్రైవరుకు దారి చెప్పడంలో పడ్డాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. నాకు ఉద్యోగం వచ్చి తిరుమలగిరికి మారిపోయినా ఫోను చేసి మరీ వాళ్ళమాట వీళ్ళకు, వీళ్ళమాట వాళ్ళకు చేరవేసేవాడు. ఆ ఒక్కమాట మాత్రం ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆయన జీవితంలో దాచిన కబురు అదొక్కటేనని ఆంటీ అంటుంది. నాకు అంత నమ్మకం లేదు. ఆ ఐదేళ్ళలో మా అమ్మ నన్ను ఎన్ని తిట్లు తిట్టి ఉంటుందో నాకు తెలుసు. నాకు చేరినవి అందులో సగం కూడా లేవు.